పాత గ్రూపు డిలీట్ చేసేద్దామా అక్కా?

రాత్రి అన్నం తింటుంటే, పాత కాగితాలూ ఫొటోలూ కాపాడే మా కాలేజీ పిల్లల వాట్సాప్ గ్రూపు గురించి వచ్చింది మెసేజి. "అక్కా, వార్షిక నివేదిక ఇచ్చేశాం. కొత్త బ్యాచ్‌కి కొత్త గ్రూపు పెట్టేశా. పాతది డిలీట్ చేసేద్దామా? ఫోన్లో జాగా చాలట్లేదు." కింద రెండు దండాలు. అప్పట్నుంచీ ఒళ్లు మండిపోతోంది. అమ్మ మామూలుగానే "ఆ ఫోను పడేసి పడుకో" అంటోంది. నేను మామూలుగానే టైపు చేస్తున్నా.

పాత కాగితాలు పారేయకూడదని ఊరందరికీ చెప్పొచ్చిన పిల్లలండీ వీళ్లు!

నివేదిక తెరిచి చూశా. ఒక్క పేజీ. జూన్ 9 అంతర్జాతీయ ఆర్కైవ్స్ దినోత్సవం, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి పాత వాచకాల ప్రదర్శన, సెప్టెంబరులో "వరద సహాయక చర్యలు", నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు, జనవరిలో వేటపాలెం, మార్చిలో కాలేజీ రికార్డు గది. ప్రతిదానికీ ఎదురుగా హాజరైనవారెందరు అని ఒక గడి, ఫొటోలు రెండు అని ఇంకో గడి. బ్యానరు కనిపించే ఫొటోలే ఏరి పెట్టారు. బ్యానరు లేని పనులు అసలు జరగనట్టే.

మార్చి అంతా గుండుసూదులతోనే సరిపోయింది. దానికి బ్యానరెవరు కడతారు? తుప్పు పట్టిన సూదిని చటుక్కున లాగితే చుట్టూ కాగితం కూడా ఊడొస్తుంది. సూదికీ కాగితానికీ మధ్య పలచటి పాలిస్టర్ షీటు ముక్క జొనిపి, కాగితాన్ని వేలితో అదిమిపట్టి, సూదిని అటూ ఇటూ కాస్త కదిలించి, తుప్పు పట్టు వదిలాక తీయాలి. ఒక్కో ఫైలుకి అరగంట. బీరువాల్లో గుప్పెళ్లకొద్దీ కలరా ఉండలు. వాటి వాసనకి మన తలనొప్పే తప్ప చెదలకి చీమ కుట్టినట్టైనా ఉండదు. బీరువాని గోడకి ఆరంగుళాలు ఎడంగా జరిపితే చెదల మట్టి దారి కంటికి కనబడుతుంది, చెరిపేయొచ్చు. ఇవేవీ నివేదికలో లేవు. సరే, పోనీ.

వేటపాలెం సారస్వత నికేతనం బాగుంది. 1918 నుంచీ ఉన్న గ్రంథాలయం, పాత పత్రికల బైండ్లు. పేజీని పై మూల దగ్గర పట్టి, రెండో అరచెయ్యి కింద ఆనించి తిప్పాలని చెప్పాక అందరూ ఊపిరి బిగబట్టి తిప్పారు. అంత సంతోషంగా ఉన్న రోజు గురించి ఇంతకంటే రాయడం నాకు చేతకాదని మీకు తెలుసుగా.

నా గొడవంతా సెప్టెంబరు గురించే. 2024లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డప్పటి సంగతి. నీళ్లు తీశాక జనం మంచాలు, ఫ్రిజ్‌లు వీధిలో పెట్టుకుంటుంటే మన పిల్లలు వెళ్లి "ఫొటో ఆల్బమ్‌లు తడిశాయా అండీ" అని అడిగారు. మొదట్లో తిట్లు తిన్నారు. తర్వాత గోనెసంచుల్లో తెచ్చిచ్చారు.

తడిసిన ఫొటోతో రెండు రోజుల్లోపే ఏదో ఒకటి చేయాలి, ఆ తర్వాత బూజు మొదలవుతుంది. బొమ్మ ఉండేది కాగితం మీద కాదు, కాగితం మీది జెలటిన్ పొరలో. అది నీళ్లకి ఉబ్బుతుంది, మురుగులో రోజులకొద్దీ నానితే కరిగిపోతుంది. రంగుల ఫొటోలో పైన నీలం పొర, మధ్యలో గులాబీ, అడుగున పసుపు ఉంటాయి. పైనుంచి కరుగుతుంది కాబట్టి అంచులు ముందు ఎర్రబడి, తర్వాత పసుపై, చివరికి తెల్లగా మిగులుతాయి. ఒక పెళ్లి ఫొటోలో తలంబ్రాల పళ్లెం ఉంది, పోస్తున్న చేతులున్నాయి, మోచేతుల దగ్గర్నుంచి పసుపు మరక, ఆపైన తెల్ల కాగితం. ఎవరి పెళ్లో ఆ ఇంటివాళ్లకే తేలలేదు.

పని ఇలా జరిగేది. వెడల్పాటి మూడు బేసిన్లలో చన్నీళ్లు. ఫొటోని అంచులతో పట్టుకుని మొదటిదాంట్లో బురద వదిలించి, రెండు, మూడులో ముంచి తీయడం. బొమ్మ మీద వేలు పెట్టినా, గుడ్డతో తుడిచినా జెలటిన్ లేచిపోతుంది. తెల్ల అంచుకి ప్లాస్టిక్ క్లిప్పు పెట్టి నీడలో దండెం మీద వేలాడదీయాలి. ఎండలో పెడితే చుట్ట చుట్టుకుపోతుంది, ఫ్యాను నేరుగా తగిలినా అంతే. ఫ్రేము అద్దానికి అంటుకున్నదాన్ని ఊడదీయకుండా అద్దంతోనే ఉంచి స్కాన్ చేయాలి. ఇంక్‌జెట్ ప్రింటుని మాత్రం బేసిన్ దగ్గరికే రానీయకూడదు, రంగు నీళ్లలోకి దిగిపోవచ్చు. ఆ రోజుకి కాని వాటిని మధ్యమధ్య వ్యాక్స్ పేపరు పెట్టి డీప్ ఫ్రీజర్‌లో తోసేయాలి. ఆ ఐస్‌క్రీమ్ కొట్టాయన పుణ్యం మర్చిపోలేను.

వీటన్నిటికంటే ముందు, ముట్టుకోకముందే, ఉన్నది ఉన్నట్టు ఫోన్‌తో ఫొటో. బేసిన్లో కరిగిపోతే మిగిలేది అదొక్కటే.

అవన్నీ ఆ గ్రూపులోనే ఉన్నాయి. మామూలుగా పంపితే వాట్సాప్ బొమ్మని కుదించేస్తుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలు తీసేస్తుంది. ఐఎంజీ-20240904-డబ్ల్యూఏ0031 అని ఒక పేరు మిగులుతుంది. ఆ తేదీ కూడా తీసిన రోజుది కాకపోవచ్చు, ఆ ఫోనుకి చేరిన రోజుది. డాక్యుమెంటుగా పంపితే ఈ బాధ ఉండేది కాదు. బురద చేతులతో అది ఎవరికి గుర్తుంటుంది! అసలు ఫైళ్లు తీసినవాళ్ల ఫోన్లలో ఉంటాయా అంటే, సగం మంది ఫోన్లు మార్చేశారు.

కాబట్టి గ్రూపు మొత్తం దాచాల్సిందే అని కోపంగా జవాబు రాయబోయి, పైకి జరిపి చూశా. గుడ్ మార్నింగ్ పువ్వులు. కేటరింగ్ ఆయన నంబరు నాలుగుసార్లు. ఇంటర్నల్స్ వాయిదా పడ్డాయా లేదా అని చర్చ. ఇదంతా ఎవరికోసం దాచాలి? ఏది ఉంచాలో తేల్చడమే మన పని అని జూన్‌లో వాళ్లకి చెప్పిందే కదా. సింగ్‌నగర్‌లో ఆల్బమ్‌ల వాళ్లే నయం. "ఇవి పోతే పోయాయమ్మా, మా నాన్నది మాత్రం చూడండి" అని క్షణంలో తేల్చేశారు. జాగా చాలట్లేదన్న పిల్లాడి మాటలో తప్పేముంది? ఫొటోలు ఏరి పక్కన పెట్టుకుని మిగతాది చెరిపేస్తే సరిపోతుంది.

చాలదు. ఏ సంచి ఎవరిదో రాసిన పుస్తకం రెండో రోజే తడిసింది. ఆ తర్వాతి లెక్కంతా వాయిస్ మెసేజుల్లోనే ఉంది. "నీలం సంచి మిల్క్ బూత్ పక్కింటివాళ్లది, పెద్దావిడ సాయంత్రం వస్తారు" లాంటివి. ఎవరివో చెప్పే ఆ ముక్క పోతే స్కాన్లు అనాథలే.

గ్రూపు మాటల్ని ఫైలుగా బయటికి తీసే ఎక్స్‌పోర్ట్‌లో ఒక వారమే కావాలంటే కుదరదు, మొత్తం రావాల్సిందే. అందుకని మాటలన్నీ మీడియా లేకుండా ఒక టెక్స్ట్ ఫైలుగా తీసి కత్తిరించకుండా ఉంచడం. సెప్టెంబరు వాయిస్ ఫైళ్లూ ఫొటోలూ విడిగా తీసుకుని, పేర్లు మార్చకుండా ఒక పట్టికలో ఏది ఎవరిదో రాయడం. రెండు చోట్ల కాపీ. ఆ ఫొటోలు ఆ ఇళ్లవాళ్లవి, ఎవరికీ ఫార్వర్డ్ చేయకూడదు. ఇదంతా అయ్యాక డిలీట్ చేసుకోమను, నాకేం అభ్యంతరం లేదు.

ఇంకో చిక్కుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్లో పేర్లు ఆ ఫోన్లో సేవ్ చేసుకున్నట్టే వస్తాయి. నా ఫోన్లోంచి తీస్తే సెప్టెంబరు మొత్తం "హాస్టల్ పొడుగు", "జిరాక్స్ తమ్ముడు", "ఎవరో తెనాలి" మాట్లాడుకున్నట్టు ఉంటుంది. అందరి పేర్లూ ఇంటిపేరుతో సహా సేవ్ చేసుకున్నది ఆ దండాల పిల్లాడొక్కడే. పొద్దున్నే వాడికి ఫోన్ చేయాలి, ఏదీ చెరపకముందే.