నీళ్లు లేని జలపాతం, అన్నయ్యగారి రీలు

పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు. అత్తయ్య అన్న ఒక్క ముక్క చెవిలోనే ఉండిపోయింది. అది తర్వాత చెబుతాను. ముందు అన్నయ్యగారి మీద కోపం తీరాలి.

ఆయన సంగతి మా ఇంట్లో అందరికీ తెలిసిందే. రీలు చూశారంటే ఆ ఆదివారం ఎవరికీ విశ్రాంతి ఉండదు. ఈసారి మా విజయవాడ దగ్గరి మూలపాడు అడవి. కొండ మీంచి తెల్లగా దూకే నీళ్లు, వెనక ఏదో పాట, కింద 'సండే స్పాట్' అని. ఆశ్వయుజం మొత్తం ఒక్క మంచి వాన పడలేదు, దసరాకి కూడా ఏసీ ఆపలేదు, నీళ్లెక్కడుంటాయండీ అంటే "అడవిలో ఊటలుంటాయమ్మా" అన్నారు. ఈయన అప్పటికే కారు తాళాలు తీశారు.

సీతాకోకచిలుకల పార్కు దగ్గర అత్తయ్యనీ పులిహోర డబ్బానీ చెట్టుకింద కూర్చోబెట్టి బయల్దేరాం. కాసేపటికి దారి వాగులోకి దిగింది. వాగంటే ఉత్త గుండ్రాళ్లు. అటూ ఇటూ ఎండిన గడ్డి, మోకాళ్ల దాకా ఉత్తరేణి. ఆ గింజలు చిన్నోడి ప్యాంటుకి పట్టినవి ఇందాకటిదాకా పీకాను. లాగితే సగం బట్టలోనే విరిగి ఉండిపోతుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్టు వాడికి చూపిద్దామనుకున్నాను గానీ, గుర్తుపట్టేవాళ్లు మాలో ఎవరూ లేరు. ఎదురొచ్చిన పెద్దాయన ఒకాయన "నీళ్లా? వాన పడ్డ రెండు మూడు రోజులే అమ్మా" అన్నాడు. అన్నయ్యగారు విననట్టు ముందుకి నడిచారు.

జలపాతం దొరికింది. అంటే, అది ఉండాల్సిన రాయి దొరికింది. పైనుంచి కింద దాకా నల్లటి చారలు. నాచు ఎండి అప్పడంలా లేచిపోయింది, చిన్నోడు గోటితో గీకితే పొడి రాలింది. కింద గుంటలో పచ్చటి నీళ్లు బకెట్టుడు, వాటిలో చిప్స్ ప్యాకెట్లు.

అక్కడే కూర్చుని ఆ రీలు చేసిన అబ్బాయి పాత వీడియోలు వెతికాను. ఇదే వీడియో జూలైలో ఒకసారి పెట్టాడు! పోనీ, వాడి తప్పేముంది అనుకున్నాను. రాతి కొండ, మీద మట్టి పల్చన, పడ్డ వాన పడ్డట్టే జారిపోతుంది. వాడు వెళ్లినప్పుడు నీళ్లు ఉండే ఉంటాయి. కానీ అదే వీడియోని నిన్నగాక మొన్న తీసినట్టు మళ్లీ పెట్టడం ఏంటి? దాన్ని నమ్మి పెట్రోలు పోసుకుని వచ్చేవాళ్లు ఏమైపోవాలి? అన్నయ్యగారు మాత్రం తగ్గలేదు. "ఎత్తిపోతల జలపాతం అయితే 70 అడుగులు, ఈ గొడవే ఉండదు" అన్నారు. అక్కడ చంద్రవంక వాగులోకి కాలువ నీళ్లు వదులుతారు కాబట్టి ఉండదు. పైగా మడుగులో మొసళ్లు.

కాళ్లీడ్చుకుంటూ తిరిగొస్తే అత్తయ్య "నీళ్లున్నాయా?" అన్నారు. రాళ్లేనత్తయ్యా అన్నాను. "పోనీలే, మంచిదయింది" అని విస్తరాకులు పరిచారు. పిల్లాడు ముఖం వేలాడేసుకుని నిలబడితే మంచిదవడం ఏంటని ఒళ్లు మండింది.

ఇంటికొచ్చాక కింది గది గోడ చూశాను. రెండు కోటింగులు వేయించినా ఆ వరద చార కనబడుతూనే ఉంది. 2024 సెప్టెంబరు 1, అదీ ఆదివారమే. పాలకి దిగితే చీలమండల దాకా, టిఫిన్ వేళకి నడుము దాకా. బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయని తర్వాత తెలిసింది. అటు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వస్తుంటే, బుడమేరు నీళ్లని కృష్ణలోకి మళ్లించే దారే లేకపోయింది. మా సింగ్‌నగర్ మొత్తం మునిగింది. పైవాళ్ల వాటాలో తలదాచుకున్నాం. అత్తయ్య రాత్రంతా మెట్ల దగ్గర టార్చి పట్టుకుని కూర్చుని "ఇంకో మెట్టు పోయింది" అని చెబుతూనే ఉన్నారు. చుట్టూ నీళ్లు, తాగడానికి చుక్క లేదు. డ్రోన్ వదిలిన పొట్లం పక్కింటి డాబా మీద పడింది. నీళ్లు తీశాక కిందికి వెళితే ఫ్రిజ్ మంచం మీద పడుకుని ఉంది.

ఆ బుడమేరు పుట్టేది మైలవరం వైపు కొండల్లో. ఇవాళ మేం తిరిగిన చోటికి పెద్ద దూరమేం కాదు. ఆవిడ అలా అనడంలో ఆశ్చర్యం లేదు. చెట్టుకింద ఒక్కరే కూర్చుని ఏం తలుచుకున్నారో. ఆమాత్రం నాకెందుకు తట్టలేదు అనిపించింది.

అయినా రేపు మున్సిపల్ కొళాయి అరగంట ఆలస్యమైతే వీధి వీధంతా లేపేది ఈ అత్తయ్యే. కొళాయిలో మాత్రం రావాలి, కొండ మీద వద్దు! పిల్లాడికి నీళ్లంటే భయం ఎక్కించడం నాకిష్టం లేదు, ఆ విషయంలో నా మాట మారదు.

ఇది రాస్తుండగానే ఫ్యామిలీ గ్రూపులో అన్నయ్యగారి మెసేజ్. వచ్చే ఆదివారం కార్తీక వనభోజనాలు, భవానీ ద్వీపం, పడవలో. ఉసిరి చెట్టున్న తోట ఏదైనా చాలండీ, పడవలొద్దు అని పెట్టాను. ఈయన ఆయన మెసేజ్‌కీ బొటనవేలు పెట్టారు, నా మెసేజ్‌కీ పెట్టారు.