కాంపిటీషన్ లా పేపర్ గట్టెక్కాను

నిన్న సాయంత్రం రిజల్ట్స్ వచ్చాయి. ఎల్ఎల్ఎం (లా పీజీ) మొత్తం క్లియర్. పోయినసారి నన్ను ముంచిన కాంపిటీషన్ లాలో, అంటే మార్కెట్లో పోటీని కాపాడే చట్టం పేపర్లో, ఈసారి 67 మార్కులు. అమ్మకు ఫోన్‌లో చెప్తుంటే గొంతు పెగల్లేదు. తిరుపతి హాస్టళ్లలో ఇదే పేపర్ బ్యాక్‌లాగ్ పెట్టుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రాస్తున్నా.

మొదటిసారి సెక్షన్లు బట్టీ పట్టి వెళ్లాను. సీనియర్ ఇచ్చిన పాత పుస్తకం చూసి, సీసీఐ (ఈ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్) ఆర్డర్ మీద అప్పీలు కాంపాట్ అనే పాత ట్రిబ్యునల్‌కు పోతుందని రాశాను. 2017లోనే ఆ పని ఎన్‌సీఎల్ఏటీకి (కంపెనీ కేసుల అప్పీలు ట్రిబ్యునల్) వెళ్లిపోయింది. అసలు దెబ్బ ప్రాబ్లం ప్రశ్నలో తగిలింది. పది కంపెనీలు ఒకే ధర కోట్ చేశాయి, కార్టెలేనా, అంటే లోపల మాట్లాడుకుని కుమ్మక్కయ్యాయా? "సెక్షన్ 3(3), కార్టెలే" అని నాలుగు లైన్లలో తేల్చేశాను.

ఆ జూన్‌లో నాన్నతో కలిసి బంగారుపాళ్యం మండీకి తోతాపురి కాయ తోలాం. ట్రాక్టర్ ఆగకముందే ఒకాయన రేటు చెప్పాడు. పక్క మండీలో అదే రేటు, దాని పక్కనా అదే. "అంతా ఒకటే మాట్లాడుకున్నార్రా" అన్నాడు నాన్న. అక్కడే నా పేపర్ గుర్తొచ్చింది. మాట్లాడుకున్నారా, లేక కాయ ఎక్కువ దిగి రేటు పడిందా? ఏం చూసి చెప్పాలి? కాంపిటీషన్ చట్టం సెక్షన్ 2(బి) ప్రకారం ఒప్పందం కాగితం మీద ఉండక్కర్లేదు, లోపల ఒక అవగాహన ఉన్నా చాలు. కానీ అది ఉందని తేలాలి. తేలాకే, పోటీకి దెబ్బ తగిలిందని చట్టం అనుకుంటుంది. ఆ రాత్రే 2018 నాటి రాజస్థాన్ సిలిండర్స్ తీర్పు చదివాను. గ్యాస్ సిలిండర్ల టెండర్లలో రేట్లు ఒకేలా ఉన్నాయి, కొనే ప్రభుత్వ కంపెనీలు మూడే. ఆ మార్కెట్ తీరు చూసి, కార్టెల్ రుజువు కాలేదంది సుప్రీంకోర్టు. నాన్న అనుమానం తప్పని నేను అనను, రుజువు వేరే సంగతి.

మిగతావి మామూలే. 2023 సవరణలున్న బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని, చట్టం మాత్రమే ఉన్న పుస్తకం) కొనండి. కంపెనీల విలీనాలు, కొనుగోళ్లు సీసీఐకి చెప్పడానికి పెట్టిన డీల్ విలువ 2,000 కోట్ల లెక్క అందులోదే. షేర్ మార్కెట్‌ను చూసే సెబీ ఆర్డర్ల అప్పీలు శాట్ అనే వేరే ట్రిబ్యునల్‌కు, రెండూ కలిపేయకండి. పొద్దున ఐదింటికి లేవండి, ఫోన్ పక్కగదిలో పెట్టండి. చిత్తూరు కోర్టులో ప్రాక్టీస్ పెట్టకుండా ఏడాది పాడు చేసుకున్నానని బంధువులు అన్నారు. పాడు కాలేదు. కొనే ధర గురించి కూడా ఈ చట్టంలో ఉందని మా ఊళ్లో ఒక్కడికైనా తెలియాలి కదా.

కోతలు మొదలయ్యాక మళ్లీ మండీకి పోతా. ఏ రోజు ఎవరు ఎంత రేటు చెప్పారో నోట్‌బుక్‌లో రాసుకుంటా.