అద్దె ఇల్లు నష్టంలో ఉన్నా రిటర్నులో చూపించాను: నా అనుభవం

నా ఫ్లాట్‌కి నెలకు 15 వేలు అద్దె వస్తుంది, ఇంటి లోను ఈఎంఐ 40 వేలు కడతాను. ప్రతి నెలా జీతంలోంచే 25 వేలు పోతుంటే ఇక చూపించడానికి ఆదాయం ఎక్కడుంది అనుకున్నాను. 2024 జులైలో, అంతకుముందు 2023-24 ఆర్థిక సంవత్సరపు ఆదాయపు పన్ను రిటర్ను వేయడానికి కూర్చున్నాకే తెలిసింది, నష్టమైనా చూపించాల్సిందే, చూపిస్తేనే మనకు లాభం కూడా.

ముందు నేను వేసుకున్న లెక్కే తప్పు. ఈఎంఐ మొత్తం తీసేయడం కుదరదు, వడ్డీ ఒక్కటే తీసేయాలి. లోను అసలు కింద కట్టింది 80సి అనే పన్ను మినహాయింపులోకి పోతుంది, అదీ పాత పన్ను విధానంలోనే (పన్ను లెక్కకు పాత, కొత్త అని రెండు విధానాలున్నాయి). బ్యాంకు ఇచ్చిన సర్టిఫికెట్‌లో వడ్డీ 3,90,000 అని విడిగా ఉంది. ఏడాది అద్దె 1,80,000, అందులోంచి ఆ ఏడాది నేను కట్టిన ఇంటి పన్ను 6,000 తీసేస్తే 1,74,000. దాని మీద 30 శాతం, అంటే 52,200, రిపేర్లు చేయించినా చేయించకపోయినా తగ్గిస్తారు. మిగిలిన 1,21,800 లోంచి వడ్డీ తీసేస్తే నష్టం 2,68,200. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ నేనే కడుతున్నా అది విడిగా తగ్గదు, ఆ 30 శాతంలోనే సర్దుకోవాలి. ఇది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

అసలు టెన్షన్ పెట్టింది విధానం ఎంచుకోవడం. ఆ ఏడాది నుంచి కొత్త విధానమే డిఫాల్ట్ కాబట్టి ఆఫీసువాళ్లు దాని ప్రకారమే జీతంలో టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోసేశారు, కానీ కొత్త విధానంలో ఇంటి నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు. పాత విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు తగ్గించుకోవచ్చు. రెండు రకాలుగానూ లెక్క వేసి చూశాను, నాకు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె అలవెన్సు), 80సి మినహాయింపులు కూడా ఉన్నాయి కాబట్టి పాతదే తక్కువ పన్ను చూపించింది. జీతగాళ్లు రిటర్నులోనే పాత విధానం ఎంచుకోవచ్చు, కాకపోతే గడువులోపు, అంటే ఆ ఏడాది జులై 31 లోపు వేయాలి. ఆ తేదీ దాటితే కొత్త విధానమే గతి, అందుకే ఇంకా కూర్చుని ఆలోచించేవాళ్లకు ముందు తేదీ చూసుకోమని చెప్తాను.

2 లక్షలు పోగా మిగిలిన 68,200 వచ్చే ఏళ్లకు తీసుకెళ్లాలి కాబట్టి ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం పనికిరాలేదు, ఐటీఆర్-2 వేశాను. హౌస్ ప్రాపర్టీ షెడ్యూల్ నింపడానికి పట్టింది అరగంటే. ఆధార్ ఓటీపీతో అదే రోజు వెరిఫై చేశాను, కోసిన టీడీఎస్‌లో కొంత రిఫండ్‌గా వచ్చింది. ఆ 68,200ని ఎనిమిదేళ్లలోపు ఇంటి ఆదాయం మీదే వాడుకోవాలి, జీతం మీద కాదు, అందుకే ఆ రిటర్ను కాపీని వడ్డీ సర్టిఫికెట్‌తో కలిపి ఫైల్లో పెట్టాను.