పలక రాయి మీద పండిన పులుపు

వైన్‌కి పేరున్న బెర్న్‌కాస్టెల్ అనే ఊరికి రైలు లేదని రైలెక్కాక తెలిసింది. జర్మనీలో కోబ్లెంజ్ నుంచి ట్రియర్ వెళ్లే లైను మోజెల్ నది పక్కనే కదా, ఒడ్డున ఉన్న ఊళ్లన్నిటికీ స్టేషన్లుంటాయిలే అనుకున్నాడు మా తమ్ముడు. మోజెల్ తిన్నగా పారే నది కాదు. మెలికలు తిరిగీ తిరిగీ, పొద్దున చూసిన కొండనే మధ్యాహ్నం ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. రైలుకి అంత ఓపిక లేదు. కోఖెమ్ దగ్గర నాలుగు కిలోమీటర్ల పైచిలుకు సొరంగంలో దూరి అడ్డంగా తేలుతుంది, ఆ తర్వాత నదినే వదిలేసి పోతుంది. విట్లిష్‌లో దిగి బస్సు కోసం కూర్చున్నాం. "ఏం కాదులే వదినా, పులిహోర ఉందిగా" అంది మరదలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పొద్దున్నే లేచి కలిపింది. గోంగూర పచ్చడి సీసా కూడా సంచిలో ఉంది. వైన్ రుచి చూడ్డానికి వెళ్తూ గోంగూర ఏంటే అని నవ్వాను అప్పుడు.

బస్సు దిగగానే నా కళ్లు పడింది తోటల మీద కాదు, రాళ్ల మీద. నాది మార్కాపురం. పలకలు చేసే ఊళ్లో పుట్టినదాన్ని, పలక రాయిని ఎక్కడ చూసినా గుర్తుపడతాను. ఇక్కడ కొండ మొత్తం అదే, నల్లగా నీలంగా, ముక్కలు ముక్కలుగా. మట్టి కంటే రాయే ఎక్కువ. ఒక్కో తీగకి ఒక్కో కర్ర పాతి, కొమ్మల్ని గుండ్రంగా వంచి కట్టారు. నిచ్చెన వేసుకుని ఎక్కాలేమో అన్నంత వాలు. కింద ఇంకో దిక్కున బ్రెమ్ ఊరి దగ్గర కాల్మోంట్ అనే కొండ ఉంది, యూరప్‌లోకెల్లా నిట్టనిలువు ద్రాక్షతోటల్లో అదొకటి, కొన్ని చోట్ల వాలు 60 డిగ్రీలు దాటుతుందట. ఇంత కష్టం ఎందుకంటే, ఇది దాదాపు 50వ అక్షాంశం. ఎండ తక్కువ. ఈ రాళ్లు పగలు వేడిని పట్టి ఉంచుకుని రాత్రి వదులుతాయి, నది మీద పడిన వెలుగు కూడా తోటల్లోకి కొంత తిరిగొస్తుంది. అయినా రీస్లింగ్ ద్రాక్ష పండడానికి అక్టోబరు దాకా పడుతుంది, పండినా పులుపు పోదు.

నది దాటితే కూస్. అక్కడ 15వ శతాబ్దంలో నికొలాస్ అనే కార్డినల్, అంటే కాథలిక్ మతపెద్ద, కట్టించిన ఆస్పత్రి ఉంది. 50 ఏళ్లు దాటిన 33 మంది పేదవాళ్ల కోసం కట్టించాడు, 33 అంటే క్రీస్తు బతికినన్ని ఏళ్లన్నమాట. ఇప్పటికీ వృద్ధాశ్రమంగా నడుస్తోంది. దానికి సొంత ద్రాక్షతోటలున్నాయి. మన సత్రాలకు మాన్యాలుండేవే, అలాగ.

ఆ పక్కనే ఒక సెల్లార్‌లో గ్లాసులు పట్టుకున్నాం. అక్కాతమ్ముళ్లం ఎదురెదురుగా కూర్చుని తాగడం అదే మొదటిసారి. వాడికి కాస్త మొహమాటం, నాకు లేదు. అమ్మ ఫోన్ చేస్తే "ద్రాక్షరసం తాగుతున్నామమ్మా" అన్నాడు. అబద్ధమేం కాదు.

మొదట 'ట్రోకెన్' అని రాసింది. అంటే తీపి లేనిది, లీటరుకి చక్కెర 9 గ్రాములు మించకూడదు. పచ్చి ఆపిల్, నిమ్మతొక్క, ఆ తర్వాత ఒక వాసన. ఎక్కడో తెలిసిన వాసన. చిన్నప్పుడు పలక మీద ఉమ్మి రాసి తుడిచాక వచ్చేది అదే! చెబితే తమ్ముడు మొహం చిట్లించాడు. రాయి రుచి వైన్‌లోకి రాదని భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు, సరే, నా ముక్కుకి మాత్రం మార్కాపురమే గుర్తొచ్చింది. పదేళ్లు దాటిన ఇంకో సీసా తీస్తే రేషన్ కిరోసిన్ వాసన కొట్టింది. పాడైందనుకున్నాను. పాత రీస్లింగ్‌కి అది సహజం, ఇష్టపడేవాళ్లు దానికోసమే దాచుకుంటారట. నేను ఇష్టపడేవాళ్లలో లేను.

మూడోది 'కాబినెట్', కొంచెం తియ్యనిది. తియ్యటి వైన్ అంటే నాకు చులకన. పండగకి పిల్లలకిచ్చే షర్బత్ అనుకునేదాన్ని. ఒక గుక్క తాగి పక్కన పెట్టేశాను. తమ్ముడు మాత్రం ఒక సీసా కొన్నాడు.

మధ్యాహ్నం పొగబెట్టిన ట్రౌట్ చేప తిన్నాం, ట్రోకెన్‌తో. బాగుంది. చేప మీద నిమ్మకాయ పిండే పని వైన్ చేసింది, అంతే.

అసలు సంగతి రాత్రి గదిలో. పులిహోర, గోంగూర పచ్చడి, బయట కొన్న కాల్చిన కోడి. మిగిలిన ట్రోకెన్ పోసుకుని ఒక ముద్ద పచ్చడి పెట్టుకున్నాను. నోట్లో నిప్పు! అందులో ఆల్కహాల్ 12 శాతం, మిరపకాయ మంటని అది ఇంకా రగిలిస్తుంది. పైగా గోంగూర పులుపు ముందు ఆ వైన్ నీళ్లలా తేలిపోయింది. తిండి కంటే వైన్ పులుపు తక్కువైతే ఇంతే. "కాబినెట్ తియ్యవే" అన్నాను ఒప్పుకోక తప్పక. ఆల్కహాల్ 8 శాతమే, పులుపు గోంగూరకి దీటుగా, ఆ వెనకాల తీపి వచ్చి మంటని చల్లార్చింది. ఇదేదో జర్మన్ విద్య అనుకున్నాను గానీ, పచ్చిపులుసులో బెల్లం ముక్క వేసేది ఎందుకు మరి? పులిహోరతో ఇంకా బాగా కుదిరింది. కోడికి ఏదైనా సరిపోతుంది, దాని సంగతి వదిలేయండి.

మర్నాడు ఒక రైతు ఇంటి ముందు చీపురు వేలాడదీసి ఉంది. స్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ అంటారు, సొంత వైన్‌ని ఇంట్లోనే అమ్ముకునే చోటు, ఏడాదికి నాలుగు నెలలే అనుమతి. సెప్టెంబరు చివర కదా, ఉల్లిపాయలు, పందిమాంసం ముక్కలు వేసి కాల్చిన రొట్టెతో ఫెడర్‌వైసర్ ఇచ్చారు. ఇంకా పులుస్తూ ఉన్న కొత్త రసం. మబ్బుగా, తియ్యగా, నాలుక మీద చురచురలాడుతూ. ఒక గుక్కకే ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం.

"కల్లు!"

పొద్దున్నే దించిన తాటికల్లు. రేపటికి తీపి తగ్గి ఘాటు పెరుగుతుందని ఆ ఇంటావిడ చెబితే, ఆ సంగతి మాకు తెలుసన్నట్టు తలూపాం. ఒక సీసా కొన్నాం. గ్యాస్ పోవాలి గనక మూత బిగించరు, నిలువుగానే పట్టుకెళ్లాలని రెండుసార్లు చెప్పింది.

కోబ్లెంజ్ రైల్లో తమ్ముడు సంచి పైన అడ్డంగా పెట్టి నిద్రపోయాడు. మరదలి పట్టుశాలువా, నా స్వెటరు, కింద కూర్చున్న ఒక ముసలాయన టోపీ తడిశాయి. ఆయన టోపీ తీసి వాసన చూసి, "ఫెడర్‌వైసర్" అని మళ్లీ పెట్టుకున్నాడు.