చక్రాలు, శంఖాలు, 1024 గళ్ళు

గత నెలలో పొలం రిజిస్ట్రేషనుకు వెళ్ళినప్పుడు, బడి ముఖం చూడని మా పెద్దమ్మతో పాటు డిగ్రీలున్న మేమందరమూ వరుసగా ఎడమచేతి బొటనవేలు అద్ది ముద్రలు వేసి వచ్చాము. చదువురాని వారిని వేలిముద్రగాళ్ళని వెక్కిరించే మనం, సంతకం చాలక ఆ ముద్రనే ఆశ్రయించిన కథ బెంగాల్లో మొదలైంది.

1858లో జంగీపూర్‌లో అధికారిగా ఉన్న విలియం హెర్షెల్, రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందపత్రం వెనుక అరచేతి ముద్ర వేయించాడు. అందులో అప్పటికి శాస్త్రమేమీ లేదు. రేపు ఆ సంతకం నాది కాదని బుకాయించకుండా అతణ్ణి కాస్త జడిపించడమే ఉద్దేశం. ఇద్దరి ముద్రలు ఒక్కలా ఉండవనీ, వయసుతో మారవనీ ఏళ్ళ తరబడి ముద్రలు సేకరించిన మీదటే ఆయనకు నమ్మకం కుదిరింది.

అయితే ముద్రలు వేరువేరని తెలిసినంత మాత్రాన పోలీసుకు పని జరగదు. పట్టుబడినవాడు పేరు మార్చి చెబితే, వేల కార్డుల్లో వాడి పాత కార్డు ఏదో వెతికేదెలా? పారిస్‌లో పోలీసు ఉద్యోగి బెర్తియోఁ చేసినట్టు తల పొడవు వెడల్పులు, మూర పొడవు కొలిచి భద్రపరిచే పద్ధతి కొన్నాళ్ళు నడిచింది కాని, కొలిచే చేయి మారితే కొలతా మారేది.

ఈ చిక్కును విప్పినవాడు, బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ కింద పనిచేసిన అజీజుల్ హక్ అనే గణిత విద్యార్థి. మన పెద్దలు పిల్లల వేలికొసలు పట్టుకుని చక్రాలెన్ని, శంఖాలెన్ని అని లెక్కపెట్టేవారు కదా, ఆయనా చక్రాలనే లెక్కపెట్టాడు. కుడి బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా, ఆపైన ఎడమచేతివీ అదే వరుసలో, పది వేళ్ళనూ అయిదు జతలు చేసి, చక్రమున్న వేలికి జతను బట్టి 16, 8, 4, 2, 1 విలువలిచ్చి, జతలో రెండో వేళ్ళ మొత్తాన్ని పైన, మొదటి వేళ్ళ మొత్తాన్ని కింద వేసి, సున్న రాకుండా రెండింటికీ ఒకటి కలిపాడు. కుడి బొటనవేలికీ, కుడి ఉంగరపు వేలికీ మాత్రమే చక్రాలుంటే పైన 9, కింద 17 వస్తాయి. ఆ కార్డు ఆ అంకెలున్న గడిలోకే వెళుతుంది. పైన 32, కింద 32 అంకెలకు వీలుంది కనుక మొత్తం 1024 గళ్ళు. హెన్రీ కిందే పనిచేసిన హేమచంద్ర బోస్ కూడా ఈ పనిలో పాలుపంచుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది, 1901లో లండన్ పోలీసు కేంద్రమైన స్కాట్లండ్ యార్డూ ఈ పద్ధతిని స్వీకరించింది. పేరు మాత్రం హెన్రీ పద్ధతి అనే స్థిరపడింది. హక్‌కూ బోస్‌కూ ఆ తరువాతెప్పుడో ఖాన్ బహదూర్, రాయ్ బహదూర్ బిరుదులు దక్కాయి. లెక్క కట్టినవాడి పేరు లెక్కలోకి రాకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

జల్పాయ్‌గురి తేయాకు తోట మేనేజరు హత్య కేసు 1898లో విచారణకు వచ్చినప్పుడు, అక్కడ దొరికిన బెంగాలీ పంచాంగం మీది గోధుమరంగు మరక, అంతకుముందు దొంగతనానికి జైలుకెళ్ళిన పాత పనివాడి కుడి బొటనవేలితో సరిపోయింది. న్యాయస్థానం అతనికి దొంగతనం కింద శిక్ష వేసింది, హత్యానేరం మాత్రం రుజువు కాలేదని వదిలేసింది; ఆ వేలు పంచాంగాన్ని తాకిందని ముద్ర చెప్పగలదు గాని, కత్తి పట్టింది ఎవరో చెప్పలేదు.