కువైట్ మామ్మగారు

గత ఏడాది 84వ ఏట కన్నుమూసిన మా అమ్మమ్మను రాజోలు దగ్గరి మా ఊళ్ళో అందరూ ‘కువైట్ మామ్మగారు’ అనేవారు. తాతయ్య పోయాక, కౌలు పొలం రాబడితో ముగ్గురు ఆడపిల్లలనూ గట్టెక్కించలేనని తేల్చుకుని, నరసాపురం రేవు దాటి ఎరగని ఆ మనిషి 1983లో ఇంటిపని వీసా మీద కువైట్ వెళ్ళింది.

గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళ కథలంటే కన్నీళ్ళేనన్నట్టు రాసేవారితో నాకు పేచీ ఉంది. చదువు రాదు కనుక అమ్మమ్మ ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాట్లాడి, సెలవు మీద ఊరికి వచ్చేవారి చేతికిచ్చి పంపేది. దాళ్వాకు, అంటే రెండో పంటకు, ఏ విత్తనం చల్లాలి, ఎవరి బాకీ ముందు తీర్చాలి, మా అమ్మను హైస్కూలు మాన్పిస్తే ఎవరెవరిని ఊరుకోదు అన్నవే తప్ప ఆ టేపుల్లో బెంగ వినిపించదు. ఒక టేపులో మాటల మధ్య ఎవరో అరబ్బీలో పిలవడం, ‘ఆఁ, వస్తున్నా’ అని ఆమె తెలుగులోనే కేకవేసి మీట నొక్కేయడం ఇప్పటికీ వినవచ్చు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించాక యజమాని కుటుంబం సౌదీకి తరలిపోయింది. వాళ్ళు బయల్దేరుతుండగా యజమానురాలి బీరువాలో ఉన్న తన పాస్‌పోర్టును అమ్మమ్మ అడిగి తీసుకుంది. తోటి ఆడవాళ్ళతో బస్సులో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి, గుడారాల్లో తలదాచుకుని, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చింది. అలా వెనక్కి వచ్చిన భారతీయులు సుమారు 1,70,000 మంది. కాగితాలు లేక సరిహద్దులో నిలిచిపోయినవారిని గురించి ఆమె చివరిదాకా చెబుతూనే ఉండేది.

ఇక వెళ్ళదనుకుంటే 1992లో మళ్ళీ వెళ్ళింది. ఇరాక్ దాడి వల్ల కలిగిన నష్టానికి ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ నుంచి ఆ తరువాత వచ్చిన 4,000 డాలర్లతో అప్పులు తీర్చి, మిగిలినదానికి తన జీతం కలిపి కొబ్బరితోట కొన్నది. 2008లో తిరిగివచ్చాక దింపు తీయించిన ప్రతిసారీ కాయలను తానే అరబ్బీ అంకెల్లో లెక్కపెట్టేది. దింపు కార్మికులకు కూడా వాహిద్, ఇత్నేన్, తలాతా వంటబట్టాయి.

నేను లెక్కల ఉద్యోగంలో కువైట్ చేరాక, ఫోనులో ఆమె మొదటి ప్రశ్న ‘ఏరా అబ్బాయ్, అకామా కొట్టారా? పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా?’ అన్నదే. అకామా అంటే అక్కడి నివాస అనుమతి. 2015లో వచ్చిన 68వ చట్టం ఇంటిపనివారికి రోజుకు 12 గంటలకు మించని పని, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతపు సెలవు ఇచ్చిందని చెబితే, అంతా విని మళ్ళీ పాస్‌పోర్టు సంగతే అడిగింది. పనిమనిషి ఒప్పుకోకుండా యజమాని దాన్ని తన దగ్గర ఉంచుకోరాదని కూడా ఆ చట్టంలో ఉంది. అయినా శుక్రవారాల్లో కలిసే మన ప్రాంతపు ఆడవాళ్ళను అడిగితే, పాస్‌పోర్టు ‘మేడమ్ బీరువాలో’ ఉందని చెప్పేవారే ఇప్పటికీ ఎక్కువ.