ఎర్ర చుక్క వెంట సాలూరు దాకా

ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ కనిపించగానే మా ఆవిడ అనుమానం పాలు పోసే ఆయన మీదికి పోయింది. ఆయన నోట్లో ఎప్పుడూ పాన్ ఉంటుంది. మర్నాడు అదే చోట రెండు మచ్చలు. రాత్రంతా అక్కడ నిలబడి ఉండేది కారు అనీ, పాలాయన దాని కిందికి దూరి ఉమ్మే మనిషి కాదనీ నాకు తట్టడానికి ఇంకో పూట పట్టింది.

వేలితో తాకి చూశాను. పల్చగా, జిడ్డుగా ఉంది. ఇంజిన్ ఆయిల్ అయితే ఈపాటికి నల్లబడి ఉండాలి. స్టీరింగ్ కరెంటుతో పనిచేసేదే కనుక దానికి ఆయిలే లేదు. మిగిలింది ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్.

కారు 2009 నాటిది. ఎడమ మోకాలు అరిగి క్లచ్ తొక్కలేకపోతున్న రోజుల్లో విశాఖపట్నంలోని మా బావమరిది దగ్గర కొన్నాను. ఒడిశాలోని మా జయపురంలో బొలెరోలను, ట్రాక్టర్లను చీకట్లోనైనా విప్పి బిగించగల మెకానిక్‌లు ఉన్నారు. ఆటోమేటిక్ అనగానే మాత్రం పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలా బానెట్ ఎత్తి, లోపలికి చూసి, మర్యాదగా మూసేస్తారు.

వెనక్కి తిరిగి చూసుకుంటే కారు ముందే చెప్పింది, నేనే వినలేదు. ఉదయం గేరు డి లోకి, అంటే ముందుకు నడిచే గేరులోకి వేస్తే ఒక క్షణం ఆలోచించి కదిలేది. చలికాలం కదా, దానికీ బద్ధకమే అనుకున్నాను. ఆయిల్ తగ్గితే లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కిపట్టే ఒత్తిడి చాలదు. అవి జారుతూ కాలిపోతాయి. చుక్క చుక్కగా పోయే ఆయిల్ ఖరీదు వందల్లో ఉంటే, అలాగే నడిపితే పోయే గేర్‌బాక్స్ ఖరీదు కారు ఖరీదంత.

మొదటి మెకానిక్ కింద పడుకుని చూసి, ఇంజినూ గేర్‌బాక్సూ కలిసేచోట తడిగా ఉందని, లోపలి సీలు పోయిందని తేల్చాడు. గేర్‌బాక్స్ దింపాలి, వారం పడుతుంది, పాతిక వేలు సిద్ధం చేసుకోండి అన్నాడు. రెండో ఆయన దయాళువు. దింపడం ఎందుకు, తగ్గినప్పుడల్లా ఇంజిన్ ఆయిల్ పోసుకోండి అన్నాడు. ఆ సలహా పాటించి ఉంటే ఈ కథకు ఇంతకన్నా ఖరీదైన ముగింపు ఉండేది. గేర్‌బాక్స్ ఆయిల్ ఏదో ఒక నూనె కాదు. ఆ ప్లేట్లు ఎంత పట్టాలో, ఎంత జారాలో లెక్క చూసి చేసినది. మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉంటే అదే పోయాలి.

ఎక్కడ చుక్క పడుతోందో అక్కడే కారుతోందని నమ్మడానికి నాకు మనసొప్పలేదు. మా పెంకుటింట్లో వానాకాలం చుక్క దేవుడి గదిలో పడేది, పగిలిన పెంకు మాత్రం వంటింటి మీద ఉండేది. కారు అడుగుభాగం నీళ్ల సర్వీసింగ్‌లో శుభ్రంగా కడిగించాను. ఆరాక, తడి కనబడ్డ చోట్లన్నిటా మా ఆవిడ ముఖం పౌడరు చల్లాను. కింద అట్టముక్క పరిచి ఇంజిన్ నడుస్తుండగా కూర్చుని చూశాను.

మొదటి పది నిమిషాలు ఏమీ లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక, రేడియేటర్ పక్కన, గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరచడానికి మోసుకెళ్లే రబ్బరు పైపు చివర, ఇనుప పట్టీ అంచున చెమట పట్టినట్టు ఎర్రటి బొట్టు ఊరింది. అది పైపు పొట్ట వెంట మెల్లగా పాకి, గేర్‌బాక్స్ అంచు దాకా వెళ్లి, అక్కడి తెల్ల పౌడరులో గులాబీ గీత గీసి, అట్ట మీద పడింది. మొదటి మెకానిక్ చూపించిన చోటు సరిగ్గా అదే. అక్కడికి పైనుంచి వచ్చిన తడిని లోపలిదనుకున్నాడు పాపం.

ఇంజిన్ చల్లారాక రేడియేటర్ మూత కూడా తీసి చూశాను. రేడియేటర్ లోపల గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ చిల్లుపడితే నీళ్లూ ఆయిలూ కలిసి గులాబీ రంగు పాలలా అవుతాయి. నీళ్లు పచ్చగా, తేటగా ఉన్నాయి. బతికిపోయాననుకున్నాను.

మా వీధి చివర షెడ్డులోని కుర్రవాడు ఒడియా అబ్బాయి. మాట మాటకూ ‘ఆజ్ఞా’ (మన ‘అండీ’ లాంటిది) అంటూనే పదిహేను నిమిషాల్లో పైపు ఊడదీసి, రెండు కొసలకూ బోల్టులు దూర్చి మూశాడు. రబ్బరు గోటితో నొక్కితే ఎండిన కొబ్బరి చిప్పలా ఉంది. అలాంటిది ఇక్కడ దొరకలేదు. ఒక దుకాణంవాడు పెట్రోలు పైపు ఇవ్వబోయాడు, వద్దన్నాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా జయపురం కూడా విశాఖపట్నం జిల్లాలోదే. ఆ గీత గీసి ఇన్నేళ్లయినా మా ఒంటి రోగాలకూ బండి రోగాలకూ ఘాట్ దిగడమే అలవాటు. పాత పైపును ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని కోరాపుట్, సుంకి మీదుగా బస్సులో ఆంధ్ర వైపున్న సాలూరు వెళ్లాను. లారీల ఊరు కనుక ఆయిల్ పైపులు బిగించేవాళ్లు ఉంటారని ధైర్యం. సుంకి మలుపుల్లో సంచి కారి నా తెల్ల లుంగీకి ఎర్ర మరక అంటింది. పక్కసీటు పెద్దాయన నా నోటి వైపు, లుంగీ వైపు చూసి కొంచెం జరిగి కూర్చున్నాడు.

దుకాణదారు పైపును ముక్కు దగ్గర పెట్టుకుని, “మాస్టారూ, ఇది గేర్ ఆయిల్‌దండీ, వేడికి తట్టుకునే రబ్బరు వేయాలి” అన్నాడు. చెప్పకుండానే తెలుసుకున్నాడు కనుక బేరం ఆడలేదు. చల్లబడ్డ ఆయిల్‌ను తిరిగి తెచ్చే రెండో పైపు కూడా అదే వయసుదని దానికీ కొలత ఇచ్చి, రెండూ చేయించాను.

ఆయిల్ మూడు లీటర్లు మా బావమరిది విశాఖ నుంచి బస్సులో పంపాడు. పోయడం దగ్గర తొందరపడ్డాను. సమతలం మీద ఇంజిన్ నడుస్తుండగా, బ్రేకు తొక్కి గేరును పి (బండి నిలిపి ఉంచే చోటు) నుంచి కింది దాకా ఒక్కోచోట కొన్ని క్షణాలు ఆపి, మళ్లీ పి లోకి తెచ్చాక ఆయిల్ మట్టం చూపే గేజు పుల్ల చూడాలి. అదీ ఆయిల్ వేడెక్కాక, వేడి గీత దగ్గర. నేను చల్లగా ఉన్నప్పుడే ఆ గీత దాకా పోసేశాను. వేడెక్కాక మట్టం గీత దాటింది. ఎక్కువైతే నురగ కడుతుంది, నురగతో ఒత్తిడి నిలవదు. చివరికి మందుల షాపులో సిరంజీ, సెలైన్ గొట్టం కొని పావులీటరుకు పైగా లాగేశాం. ‘సూది పడింది ఆజ్ఞా, ఇక తగ్గిపోతుంది’ అని ఆ అబ్బాయి ఒకటే నవ్వు.

కోరాపుట్ ఘాట్ ఎక్కి దిగి చూశాను. డి లో వేయగానే కదులుతోంది. మొత్తం ఖర్చు ఐదు వేలు దాటలేదు. పాత ఆయిల్ కాస్త గోధుమరంగుకు తిరిగింది కానీ మాడు వాసన లేదు. అడుగు మర తీసి దింపినా చాలా ఆయిల్ ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ లాంటి చోట్ల ఉండిపోతుంది కనుక, వానలకు ముందు ఒకసారి, దసరాకు ఒకసారి మార్పించాలని క్యాలెండర్‌లో రాసుకున్నాను.

అట్టముక్క ఇంకా కారు కిందే ఉంది. పాలాయనకు ఆ వారమంతా మా ఇంట్లో టీ దొరికింది. ఎందుకో ఆయన అడగలేదు, మా ఆవిడ చెప్పలేదు.